పిల్లల బట్టల మీద గుడ్డ బొమ్మలు

మా పాప గౌను మీద మరక వదలకపోతే నేను దాని మీదే ఓ చేపను కుట్టేస్తాను. దానికి కాటన్ ముక్కే మేలు, జారే శాటిన్ జోలికి నేను పోను. గుడ్డనూ గౌనునూ ముందే ఉతికి ఆరబెట్టండి, లేదంటే తర్వాత ముడుచుకుపోతాయి.

రెండు వైపులా అంటుకునే ఫ్యూజింగ్ పేపర్ మీద బొమ్మను తిరగేసి గీసి, గుడ్డ వెనక ఇస్త్రీతో అంటించాకే కత్తిరించండి. అంచు పోగులు లేవవు. పేపర్ ఒలిచి, గౌను మీద పెట్టి, ఇస్త్రీపెట్టెను రుద్దకుండా అదమండి.

అంచంతా కుట్టుమిషన్ మీద దగ్గర దగ్గరగా జిగ్‌జాగ్ కుట్టు వేయండి. తోక మలుపులో ఓపిక పట్టాలి: సూది గుడ్డలో దిగి ఉండగానే మిషన్ పాదం (గుడ్డను అదిమిపట్టే భాగం) ఎత్తి, బట్టను కొంచెం తిప్పి, మళ్లీ రెండు కుట్లు. కంటికి గుండీ వద్దు, పసివాళ్లు పీకి నోట్లో పెట్టుకుంటారు. నల్లదారంతో ముడికుట్టు చాలు.