రిటైరైన పైలట్ జోకులు, జ్ఞాపకాలు ఎలా రికార్డు చేయాలి

మీ ఇంట్లోనో మీ వీధిలోనో రిటైరైన పైలట్ ఎవరైనా ఉంటే, వచ్చే ఆదివారమే వెళ్లి కూర్చోండి. మాది ఒడిశాలోని బరంపురం. మా మావయ్య 1960ల మొదట్లో డకోటా అనే రెండు ఇంజిన్ల పాత విమానం మీద కో-పైలట్‌గా చేరి, కెప్టెన్‌గా రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకి ఎనభై దాటాయి. ఏడాదిగా ఆయన చెప్పేవి రికార్డు చేస్తున్నాను, ఎలా చేస్తే బాగా వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

జోకు దగ్గర మొదలుపెట్టండి. "మీ అనుభవాలు చెప్పండి మావయ్యా" అని అడిగితే "ఏముందిరా, ఎక్కాం, నడిపాం, దిగాం" అని పేపరు తిరగేస్తారు. అదే "పైలట్‌కి పనికిరానివి మూడు అంటారట, ఏంటవి?" అని అడిగి చూడండి. నెత్తిమీద ఉన్న ఎత్తు, వెనక వదిలేసిన రన్‌వే, బౌజర్‌లో, అంటే ఇంధనం నింపే ట్యాంకర్ బండిలో, ఉండిపోయిన పెట్రోలు. అవసరం వచ్చినప్పుడు మూడూ అందవు. పైలట్లలో దేశదేశాల్లో తిరిగే పాత మాట ఇది. మావయ్య నవ్వుతూ మూడూ చెప్పి, మూడోదాని దగ్గర ఆగిపోయారు. వైజాగ్ మీద మబ్బు కమ్మి దిగడం కుదరక భువనేశ్వర్‌కి మళ్లిన ఒక సాయంత్రం, ఇంధనం ముల్లు వైపు ఎన్నిసార్లు చూశారో అప్పుడు బయటికొచ్చింది. అరగంట చెప్పారు, నేను మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

జోకు రాసుకుంటే సరిపోదు, అది ఎందుకు నవ్వు తెప్పిస్తుందో పక్కనే రాయాలి, లేకపోతే మన పిల్లలకి అది ఉత్త మాటలా కనిపిస్తుంది. ఉదాహరణకి ఇంకో జోకు ఉంది: రేపటి విమానంలో ఒక పైలట్, ఒక కుక్క ఉంటారట, కుక్కకి అన్నం పెట్టడం పైలట్ పని, ఆయన ఏ మీటా నొక్కకుండా కరవడం కుక్క పని. దీని వెనక చాలామంది ఉద్యోగాలు ఉన్నాయి. పాత రోజుల్లో పైలట్లిద్దరితో పాటు రేడియో ఆఫీసర్ కూడా ఎక్కేవాడు, దూర ప్రయాణమైతే దారి లెక్కలు చూసే నావిగేటర్. రేడియోలు, దారి చూపే పరికరాలు మెరుగయ్యాక వాళ్లు పోయారు. అప్పటి ప్రభుత్వ విమాన సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి 1976లో ఎయిర్‌బస్ ఏ300 వచ్చినప్పుడు, ఇంజిన్లు కనిపెట్టుకుని ఉండే ఫ్లైట్ ఇంజినీర్ సీటు ఇంకా ఉంది, 1989లో ఏ320 వచ్చేసరికి కాక్‌పిట్‌లో ఇద్దరే మిగిలారు. పక్క సీట్లో ఏళ్ల తరబడి కూర్చున్న మనిషి కనిపించకుండా పోతే ఎలా ఉంటుందో ఆ జోకులో ఉంది, అది విన్నాక "మీతో ఆఖరుసారి ఎగిరిన ఇంజినీర్ ఎవరు?" అని తప్పకుండా అడగండి.

తర్వాత లాగ్‌బుక్, అంటే పైలట్ తన ప్రతి ప్రయాణం రాసుకునే పుస్తకం. దాన్ని ఒళ్లో పెట్టుకునే మాట్లాడాలి. తేదీ, విమానం రకం, రిజిస్ట్రేషన్, ఎక్కడి నుంచి ఎక్కడికి, పగలెంత, రాత్రెంత, అన్నీ వరుసగా ఉంటాయి. మన విమానాల రిజిస్ట్రేషన్ వీటీతో మొదలవుతుంది, ఆ అక్షరాలు తప్పు లేకుండా ఎక్కించుకోండి, ఎందుకంటే ఒకే విమానం కథ వేరే పైలట్ దగ్గర దొరికితే రెండూ కలిపేది అదే. టైములు చాలామంది జీఎంటీలో, అంటే లండన్ దగ్గరి గ్రీన్‌విచ్ టైములో, రాస్తారు కాబట్టి ముందే అడిగి తెలుసుకుని 5:30 గంటలు కలపండి. 18:30 అని ఉంటే మనకి అర్ధరాత్రి, అంటే తేదీ కూడా మారిపోతుంది. నేను మొదట్లో ఇది తెలియక రెండు నెలల తేదీలు తప్పు రాశాను.

2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంట్లోకి నీళ్లొచ్చి మావయ్య ట్రంకుపెట్టె తడిసింది. ఒక లాగ్‌బుక్‌లో నాలుగు పేజీల సిరా నీలం మచ్చలై మిగిలింది. మీకు అలా జరిగితే ఎండలో పెట్టకండి, పేజీలు బలవంతంగా విడదీయకండి, తెల్ల టిష్యూ కాగితాలు మధ్యలో పెడుతూ మారుస్తూ నీడలో ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. అసలు అంతదాకా రాకముందే ప్రతి పేజీకీ ఫొటో తీసి, ఒక కాపీ వేరే ఊళ్లో ఉన్న చుట్టాల దగ్గర పెట్టండి.

ప్రశ్నలు ఒంటికి తగిలేలా ఉండాలి. ఏం తిన్నారు, ఎక్కడ తడిసింది, ఏ వాసన వచ్చింది. డకోటా నేల మీద తోక ఆనించి నిలబడుతుంది, కాబట్టి కాక్‌పిట్‌కి వెళ్లాలంటే లోపల గుట్ట ఎక్కినట్టే నడవాలి. వాన పడితే ముందు అద్దం దగ్గర కారేది, మావయ్య ఒళ్లో తువ్వాలు పరుచుకుని నడిపేవారట. "బరంపురంలో వాన పడితే గొడుగు, డకోటాలో పడితే తువ్వాలు" అంటారు. కాలబైశాఖి, అంటే ఎండాకాలంలో వచ్చే ఉరుముల గాలివాన, రోజుల గురించి కూడా అడగండి. నేల మీద సంకేతాలు పంపే రేడియో బీకన్ వైపు చూపించాల్సిన ఏడీఎఫ్ అనే పరికరం ముల్లు, మెరుపులు దగ్గరైతే వాటి వైపు తిరిగిపోయేది, అంటే దారి చూపాల్సిందే తుఫానులోకి వేలు పెట్టి చూపేది.

నాగపూర్ గురించి అడగడం మాత్రం మరిచిపోవద్దు. 1949 జనవరి నుంచి 1973 దాకా ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు రాత్రి బయల్దేరి నడిరాత్రి నాగపూర్‌లో కలిసేవి, టపా సంచులు మార్చుకుని తెల్లారేసరికి తిరిగి వెళ్లిపోయేవి. నాలుగు ఊళ్ల పైలట్లు అక్కడే ఒకచోట కూర్చుని టీ తాగేవాళ్లు. మద్రాసులో సాయంత్రం పుట్టిన జోకు పొద్దున్నకల్లా ఢిల్లీ చేరేదంటారు మావయ్య, సంచుల కంటే అదే ముందు మారేదట.

ఆయన తేదీ తప్పు చెబితే మధ్యలో ఆపకండి. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి మొదటి జెట్ కారవెల్ వచ్చింది 1964లో, మావయ్య '62 అన్నారు. నేను కాగితం మీద గుర్తు పెట్టుకుని, మరుసటి వారం లాగ్‌బుక్ తెరిచి "ఇది ఎప్పటిది మావయ్యా?" అని అడిగాను, ఆయనే చూసి దిద్దుకున్నారు. మన ఒడిశాలో, పైలట్‌గా ఉండి తర్వాత ముఖ్యమంత్రి అయిన బిజూ పట్నాయక్ కథలు కూడా వస్తాయి. 1947లో ఆయన డకోటాలో ఇండోనేషియా వెళ్లి ఆ దేశపు తొలి ప్రధాని సుతాన్ షహ్రీర్‌ని తీసుకొచ్చారు, పట్నాయక్ పెట్టిన కళింగ ఎయిర్‌లైన్స్ 1953లో మరో ఏడు సంస్థలతో కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయింది. ఆ చుట్టూ ఊళ్లో అల్లుకున్న మాటలూ రాసుకోండి, కాకపోతే "ఇది విన్నది" అని పక్కన వేరేగా గుర్తు పెట్టండి.

రికార్డింగ్‌కి ఫోన్ చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, సీలింగ్ ఫ్యాన్ ఆపండి, అప్పడాలు పని అయ్యాకే తెమ్మనండి, మా మొదటి రికార్డింగ్ నిండా కరకరలే ఉన్నాయి. నలభై నిమిషాలకి మించి కూర్చోబెట్టకండి. తెలుగులో ఒడియా, హిందీ, ఇంగ్లీషు దొర్లుతాయి, అలాగే రాయండి, "డైవర్ట్ అయ్యాం" అన్న చోట మీరు వేరే మాట పెడితే గొంతు మారిపోతుంది. చనిపోయిన స్నేహితుడి పేరు వచ్చి ఆయన మాట ఆగిపోతే మీరూ ఆగండి, ఇంకో ప్రశ్న వేయకండి. బతికున్నవాళ్ల మీద జోకులు ఆయన ఒప్పుకుంటేనే బయటికి పంపండి.

ఆఖరి రోజు టేకాఫ్ ముందు చెక్‌లిస్ట్ చెప్పమనండి, ఆ రోజు ఆడియో కాదు, చేతులు కనిపించేలా వీడియో తీయండి. మావయ్య కళ్లు మూసుకుని ఒక్కో అంశం చెబుతుంటే, కుడి చెయ్యి దానంతటదే పడక్కుర్చీ పక్కకి వెళ్లి, అక్కడ లేని థ్రాటిల్ మీటని పట్టుకుని మెల్లగా ముందుకి తోసింది.