మైక్రోఫైనాన్స్ వాలంటీర్‌గా విదేశం వెళ్ళాలంటే ఎలా సిద్ధం కావాలి?

పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థల్లో వాలంటీర్‌గా పనిచేసే ఫెలోషిప్ అనగానే చాలామంది ముందు అప్లికేషన్ ఎస్సే రాయడానికి కూర్చుంటారు. ముందు మీ ఊరి డ్వాక్రా మీటింగ్‌కి వెళ్ళి రండి, ఎస్సే తర్వాత రాసుకోవచ్చు.

పనేమిటో తెలుసుకోండి

2005లో మొదలైన కివా అనే వెబ్‌సైట్‌లో ఎక్కడి వాళ్ళైనా 25 డాలర్ల లాంటి చిన్న మొత్తం కూడా అప్పు ఇవ్వొచ్చు. ఆ డబ్బు చాలావరకు అప్పు తీసుకునేవాళ్ళ దేశంలోని అప్పు సంస్థ ద్వారా వెళ్తుంది. సైట్‌లో పెట్టిన ఫొటోలో మనిషి నిజంగా ఉందా, రాసినంత డబ్బు ఆమెకు అందిందా, వడ్డీ సంగతి ఆమెకు చెప్పారా అని ఇంటికి వెళ్ళి కనుక్కోవడం ఇలాంటి సంస్థల తరఫున వెళ్ళే ఫెలోల పని. జీతం ఉండదు. ఎండ, బస్సులు, రిజిస్టర్లు మాత్రం బోలెడు.

సంఘంలో కూర్చోండి

మన తిరుపతి వైపు పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్ళినా పొదుపు సంఘాలు ఉంటాయి. సంఘం లీడర్‌ని గానీ ఊళ్ళో సంఘాల లెక్కలు చూసే వీఓఏని గానీ అడిగి, రెండు మూడు నెలల పాటు మీటింగులకు వెళ్ళండి. తీర్మానం పుస్తకం ఎలా రాస్తారు, అంతర్గత అప్పు ఎవరికి ముందు ఇవ్వాలో ఎలా తేలుస్తారు, ఒకామె కంతు కట్టలేకపోతే మిగతావాళ్ళు ఏమంటారు? ఇవి ఏ కోర్సులోనూ దొరకవు. నోట్‌బుక్ మాత్రం మొదటి రోజు సంచిలోంచి తీయకండి. నేను తీశాను. తీయగానే ఒక పెద్దామె, “తర్వాతి లోన్ ఎప్పుడొస్తుంది నాయనా?” అని అడిగింది. నన్ను బ్యాంకు వాడనుకుంది పాపం. ఆ తర్వాత ఆమె చెప్పిన ప్రతి జవాబూ బ్యాంకు వాడికి చెప్పే జవాబే.

వడ్డీ లెక్క చేతికి రావాలి

మన దగ్గర రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. ఇప్పుడు 10,000 అప్పు ఇచ్చి, రూపాయి వడ్డీయే అని 1,200 కలిపి, 12 సమాన కంతుల్లో కట్టమన్నారనుకోండి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అసలు నెలనెలా తీరిపోతుంటే వడ్డీ మాత్రం మొదటి పదివేల మీదే పడుతోంది. ఏడాది మొత్తానికి సగటున ఆమె చేతిలో ఉన్న అప్పు దాదాపు 5,400. దాని మీద 1,200 అంటే ఏడాదికి 22 శాతం, మన లెక్కలో రెండు రూపాయల వడ్డీకి దగ్గర. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటే ఇంకా పెరుగుతుంది. ఈ లెక్క ఎక్సెల్‌లో ఒకటికి పదిసార్లు వేయండి. ఇంటర్వ్యూలో దీని గురించి అడిగినా అడగకపోయినా, ఫీల్డ్‌లో రోజూ పనికొస్తుంది.

2010 గురించి చదవండి

బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు, దాన్ని పెట్టిన ముహమ్మద్ యూనస్‌కి 2006లో నోబెల్, ఇదంతా అందరూ చదువుతారు. మన రాష్ట్రంలో జరిగింది మనవాళ్ళే చదవరు. ఒకే ఇంటికి మూడు నాలుగు మైక్రోఫైనాన్స్ సంస్థల అప్పులు, వారం వారం వసూళ్ళు, ఆత్మహత్యల వార్తలు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఈ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది, వసూళ్ళు కుప్పకూలాయి. అంతకు ముందు చాలా సంస్థలు తమ వసూళ్ళు 98, 99 శాతం అని చెప్పుకునేవి. కాబట్టి వసూళ్ళు బాగున్నాయని ఏ దేశంలో ఎవరు చెప్పినా, ఆ కంతు కట్టడానికి ఆమె ఇంకెక్కడ అప్పు చేసిందో కనుక్కోండి.

వెళ్ళే దేశపు అప్పుల భాష

కెన్యాలో మన చీటీ పాటకి దగ్గరగా ‘చామా’ ఉంది. అక్కడ 2007 నుంచి ఫోన్లో డబ్బు పంపే ఎంపెసా ఉంది కాబట్టి కంతులు ఫోన్లోనే కట్టేస్తుంటారు. స్వాహిలీలో అప్పుని ‘మ్కోపో’, వడ్డీని ‘రిబా’ అంటారు. ఫిలిప్పీన్స్ సంగతి వేరు. అక్కడ ‘ఫైవ్-సిక్స్’ అంటే ఐదు తీసుకుని ఆరు కట్టడం. ఆ వ్యాపారానికి పేరుపడింది బండ్ల మీద తిరిగే భారతీయులే. మీ మొహం చూడగానే తలుపు వేసేస్తే బాధపడకండి, స్థానిక ఉద్యోగిని ముందు నడవనివ్వండి.

కాగితాలు, టీకా, డబ్బు

పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది. పోలీస్ క్లియరెన్స్ అడిగితే దానికీ అక్కడే. టూరిస్టు వీసా మీద వాలంటీర్ పని చాలా దేశాల్లో కుదరదు, ఏ వీసా కావాలో సంస్థని రాతపూర్వకంగా అడగండి. కెన్యా, ఉగాండా లాంటి చోట్లకైతే యెల్లో ఫీవర్ టీకా తప్పదు. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, ముందుగా ఫోన్ చేసి వెళ్ళండి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఆ కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

టికెట్లు, అద్దె, ఇన్సూరెన్స్ మీవే అనుకుని లెక్క వేసుకోండి. దానికి తోడు అర్ధాంతరంగా ఇంటికి రావాల్సొస్తే ఒక టికెట్ డబ్బు విడిగా ఉంచుకోండి. దీనికోసం అప్పు మాత్రం చేయకండి.

బయల్దేరే ముందు ఒక వాక్యం

అక్కడి భాషలో నమస్కారం ఎలాగూ నేర్చుకుంటారు. దానితోపాటు ఇంకో వాక్యం కంఠస్థం చేయండి: “నేను లోన్ ఇచ్చేవాణ్ణి కాదు, వసూలు చేసేవాణ్ణీ కాదు. మీరేం చెప్పినా మీ తర్వాతి లోన్‌కి దానితో సంబంధం లేదు.” అయితే ఆ రెండో మాట నిజమో కాదో సంస్థని ముందే అడిగి తెలుసుకోండి. వాళ్ళు నీళ్ళు నమిలితే ఆ వాక్యం చెప్పకండి, ఆ ఫెలోషిప్‌కీ వెళ్ళకండి.