నీళ్ల పనుల్లోకి దిగేముందు చూసుకోవాల్సిన లెక్కలు

హైదరాబాద్‌లో మోటార్లు, వాల్వులు, నీటి మీటర్లు అమ్మే షాపు నాది. ఇరవై రెండేళ్లుగా నా సరుకులో సగానికి పైగా మున్సిపాలిటీలకో, వాటి కాంట్రాక్టర్లకో పోతుంది. "నీళ్ల పనులకు ఇప్పుడు మంచి గ్రోత్ అంట కదా బాబాయ్, దిగమంటావా?" అని మొన్న మా అన్న కొడుకు అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

గ్రోత్ మాట నిజమే. 2019 ఆగస్టులో పల్లె ఇళ్లకు నల్లాలు ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ మొదలైనప్పుడు దేశం మొత్తమ్మీద నల్లా ఉన్న పల్లె ఇళ్లు 3.23 కోట్లు. 2025కల్లా 15 కోట్లు దాటాయి. పట్టణాలకు 2021లో అమృత్ 2.0 అనే కేంద్ర పథకం వచ్చింది. అయితే ఇవన్నీ నల్లాలు బిగించిన లెక్కలు. మన బిల్లు పాసయ్యేది మాత్రం ఆ నీళ్ల మీద ఎంత ఖర్చవుతోంది, ఎంత వసూలవుతోంది అన్నదాన్ని బట్టి.

కాబట్టి ముందు కరెంటు బిల్లు అడగండి. హైదరాబాద్‌నే చూడండి. 1920లో కట్టిన గండిపేట చెరువు నిండు మట్టం సముద్రమట్టానికి 1,790 అడుగులు. పాత నగరం దానికి పల్లంలో ఉంటుంది కనుక నీళ్లు వాటంతట అవే దిగి వచ్చేవి. ఇప్పుడు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఎదురెక్కి వస్తున్నాయి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. నగరం సగటు ఎత్తు సుమారు 540 మీటర్లు. తేడా 360. వెయ్యి లీటర్లను వంద మీటర్లు ఎత్తాలంటే, ఏ నష్టమూ లేకపోయినా, 0.27 యూనిట్ కావాలి. 360 మీటర్లకు దాదాపు ఒక యూనిట్. పంపు, మోటారు కలిపి 70 శాతం పనిచేస్తాయనుకుంటే 1.4. యూనిట్ ఏడు రూపాయలు వేసుకోండి, వెయ్యి లీటర్లకు పది రూపాయలు అక్కడే అయిపోయాయి. పైపు రాపిడి, క్లోరిన్, జీతాలు ఇంకా కలపలేదు. ఊరు పెరిగి దూరపు నీళ్లు తెచ్చుకునే కొద్దీ ఈ ఖర్చు పెరిగేదే కానీ తగ్గేది కాదు.

తర్వాత, మాయమయ్యే నీళ్లు. ఎన్ని నీళ్లు పంపారు, ఎన్నింటికి బిల్లు వేశారు, మధ్యలో తేడా ఎంత? వినడానికి తేలికే. చిక్కంతా "పంపారు" అన్న అంకెతోనే. ఒకచోట పంప్‌హౌస్‌లో లాగ్‌బుక్ తెరిస్తే ఇరవై రోజులుగా గంటకు 90 కిలోలీటర్లే (కిలోలీటరంటే వెయ్యి లీటర్లు) రాసుంది, అదీ ఒకే పెన్నుతో. ఊరికి పంపే మొత్తం నీళ్లను కొలిచే బల్క్ మీటర్ అద్దం లోపల ఆవిరి పట్టి ముల్లే కనబడడం లేదు. ఆపరేటర్‌ను అడిగితే మోటారు మీదున్న ప్లేటు చూపించాడు. అది కొన్నప్పటి కెపాసిటీ!

అలాంటిచోట మీరే కొలవండి. ఓవర్‌హెడ్ ట్యాంకు అవుట్‌లెట్ మూసేసి, పంపు సరిగ్గా గంట నడిపించి, నీటి మట్టం ఎంత లేచిందో టేపుతో చూడండి. నేను చెప్పిన ఊళ్లో ట్యాంకు లోపలి వ్యాసం 12 మీటర్లు, అంటే వైశాల్యం 113 చదరపు మీటర్లు. మట్టం 60 సెంటీమీటర్లు లేచింది. గంటకు 68 కిలోలీటర్లన్నమాట. బిల్లుల ప్రకారం అమ్ముతున్నది 50. లాగ్‌బుక్ లెక్కలో నష్టం 44 శాతం, అసలు లెక్కలో 26. ఆ ఊళ్లో పైపులన్నీ మార్చాలని ఎస్టిమేట్ కూడా తయారైపోయింది. ముందు బాగుచేయాల్సింది అరిగిపోయిన పంపును. (నేను పంపులు అమ్మేవాడిని కదా అని నవ్వకండి, టేపు ఎవరు పట్టినా అంతే చూపిస్తుంది.)

ఇక వసూళ్లు. హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 కిలోలీటర్లు ఉచితం. బస్తీలు తప్ప మిగతా ఇళ్లకు మీటరు ఉంటేనే వర్తిస్తుంది. ఉచిత పథకం మీటర్ల గిరాకీ పెంచింది, కానీ అంతమేరకు నగర నీళ్ల బోర్డు ప్రభుత్వ సొమ్ము కోసం చూడాలి. పైనుంచి వచ్చే సొమ్ము మాటకొస్తే, జల్ జీవన్‌కు 2024-25 బడ్జెట్‌లో 70 వేల కోట్లు పెట్టి, సవరించిన అంచనాల్లో 22,694 కోట్లకు దించారు. గడువు 2028 దాకా పొడిగించారు కాబట్టి పని ఉంటుంది. డబ్బు ఎప్పుడొస్తుందన్నదే టెన్షన్. ఒక మున్సిపాలిటీ దగ్గర నా బిల్లు పద్నాలుగు నెలలు ఇరుక్కుంది, ఆ వడ్డీకి మా ఆవిడ గాజులు పోయాయి. అందుకే ఇప్పుడు ముందటి కాంట్రాక్టరును టీకి పిలిచి, ఆఖరి బిల్లు ఎప్పుడు వచ్చిందో అడిగాకే కొటేషన్ ఇస్తాను.

బాగుపడిన నీళ్ల సంస్థ ఎలా ఉంటుందో చూడాలంటే కంబోడియా రాజధాని నామ్‌పెన్‌ది చూడండి. 1993లో ఏక్ సోన్ చాన్ అనే ఆయన ఆ సంస్థ పగ్గాలు పట్టేనాటికి అక్కడ 72 శాతం నీళ్లకు డబ్బు రాలేదు. ఇంటింటికీ తిరిగి ఖాతాదారుల జాబితా సరిచేసి, మీటర్లు బిగించి, దాన్ని 6 శాతం దగ్గరికి తెచ్చారు. 2012లో ఆ దేశపు స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో మొట్టమొదట లిస్టయిన కంపెనీ ఆ నీళ్ల సంస్థే. మన దగ్గర షేర్లు కొనుక్కోవచ్చు కానీ అవి పైపులు, ప్లాంట్లు కట్టే కంపెనీలవి. హైదరాబాద్ నీళ్ల బోర్డు షేరు ఎక్కడా దొరకదు.

మావాడు పైపుల టెండరు మానేసి, బల్క్ మీటర్లు పరీక్ష చేసే పని పట్టాడు. రెండు ఊళ్లు ఒప్పుకున్నాయి. ఒకటి అడ్వాన్స్ ఇచ్చింది. రెండోదాని కరెంటు బకాయి ఎంతో ఇంకా అడగలేదట.