బ్రిడ్జి రెక్టిఫయర్ కట్టడం ఎలా? డయోడ్ తిరగబడకుండా చూసుకోండి

బ్రిడ్జి రెక్టిఫయర్ అంటే నాలుగు డయోడ్లతో (కరెంటును ఒకవైపే పోనిచ్చేవి) ఏసీని డీసీగా మార్చే కట్టుడు. కావలసినవి: 230 వోల్టులను 12కి దింపే 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, 1ఎన్4007 డయోడ్లు నాలుగు (ఆరు కొనండి, కాళ్ళు విరుగుతాయి), 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కరెంటును దాచుకుని వదిలేది), 2.2 కిలోఓమ్ రెసిస్టర్, ఎల్ఈడీ, స్కూటర్ ఇండికేటర్‌లో వేసే 12 వోల్టుల 10 వాట్ల బల్బు. కెపాసిటర్ 35 వోల్టులదే అడగండి. 16 వోల్టులది అంటగడితే తీసుకోవద్దు.

కరెంటు తీగ వైపు 250 మిల్లీ ఆంపియర్ ఫ్యూజు వేసి, అతుకులకు ఇన్సులేషన్ టేపు చుట్టండి. ప్లగ్ తీయకుండా దేన్నీ ముట్టుకోకూడదు. పిల్లలు చేస్తుంటే పెద్దలు పక్కనుండాల్సిందే.

భోగాపురం, కళింగపట్నం లాంటి సముద్రపు ఊళ్ళల్లో డయోడ్ కాళ్ళు ఊరికే నల్లబడతాయి. బ్లేడుతో గీకకపోతే సోల్డర్ పట్టదు.

ఇక అందరూ చెడగొట్టేది డయోడ్ల దగ్గరే. ఒంటిమీద వెండిగీత ఉన్న కొస కాథోడ్, అంటే కరెంటు బయటికొచ్చే కొస. రెండు డయోడ్ల గీత కొసలు కలపండి, అది ప్లస్. మిగతా రెండింటి గీతలేని కొసలు కలపండి, అది మైనస్. ఇప్పుడు ప్లస్ జంటలో ఒక గీతలేని కొసకు మైనస్ జంటలో ఒక గీత కొస కలుపుకుంటూ పోతే రెండు అతుకులు మిగులుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టుల తీగలు వాటికే. కెపాసిటర్ ప్లస్ మైనస్‌ల మధ్య. ఒక్క డయోడ్ తిరగబడినా సగం సైకిల్‌లో తీగలు రెండూ షార్టవుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమని వేడెక్కుతుంది, డయోడ్లు పోతాయి.

అందుకే మొదటిసారి ప్లగ్ పెట్టేముందు 12 వోల్టుల తీగ ఒకదానికి మధ్యలో బల్బు కట్టాలి. మినుక్కుమని ఆరిపోతే కెపాసిటర్ నిండిందన్నమాట, బల్బు తీసేయొచ్చు. ఆరకుండా వెలుగుతూనే ఉంటే వెంటనే ప్లగ్ తీసి గీతలన్నీ మళ్ళీ చూడండి. కెపాసిటర్ మీద మైనస్ గుర్తున్న కాలు మైనస్‌కే వెళ్ళాలి. తిరగేస్తే ఉబ్బి పేలుతుంది, మొహం దగ్గర పెట్టుకోకండి.

రెడీమేడ్ బ్రిడ్జి కొనేస్తే ఇదంతా ఉండదు గానీ, నేర్చుకునేదీ ఉండదు. సైన్స్ ఫెయిర్‌లలో కనిపించే ఒంటి డయోడ్ కట్టుడైతే సగం అలను పారేస్తుంది. 50 హెర్ట్జ్ కరెంటులో బ్రిడ్జి సెకనుకు 100 సార్లు కెపాసిటర్‌ని నింపుతుంది. అందుకే 100 మిల్లీ ఆంపియర్లు లాగినా వోల్టేజీ ఊగిసలాట 1 వోల్టు దాటదు.

ఎల్ఈడీ, రెసిస్టర్ వరసగా ప్లస్ మైనస్‌ల మధ్య పెట్టి మల్టీమీటర్‌తో కొలవండి. 15 నుంచి 18 వోల్టులు చూపిస్తుంది. 12 రాలేదని కంగారు పడొద్దు. 12 వోల్టుల ఏసీ అలకు శిఖరం 17, డయోడ్లు 1.4 తింటాయి, లోడు తక్కువున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఎక్కువే ఇస్తుంది. 10 దగ్గర ఆగితే కెపాసిటర్ అతుకు ఊడింది.