మాసిడోనియా జిన్‌ను నిపుణుల్లా రుచి చూడటం ఎలా?

ఉత్తర మాసిడోనియాలో ఇంటింటా ఉండే మద్యం రకియా. పళ్లను పులియబెట్టి బట్టీలో కాచి తీస్తారు. జిన్ అక్కడ కొత్త. కానీ జిన్‌కు ప్రాణమైన జూనిపర్ కాయకు మాత్రం ఆ కొండలు పాత ఇల్లు. వేరే దేశాల్లో జిన్ కాచేవాళ్లలో చాలామంది అక్కడి కాయే తెప్పించుకుంటారు. అవి తోటలో పెంచినవి కావు, అడవి పొదలు. ఆకులు ముళ్లలా గుచ్చుకుంటాయి కాబట్టి ఒక్కొక్క కాయా కోయడం కష్టం. కొమ్మ కింద బుట్ట పట్టి కర్రతో కొడతారు. పండినవి రాలతాయి, పచ్చివి కొమ్మనే ఉండిపోతాయి. ఒక కాయ పండటానికి రెండు మూడేళ్లు పడుతుంది, అందుకే పచ్చికాయా నీలం పండూ ఒకే కొమ్మ మీద కనిపిస్తాయి.

కాబట్టి ఈ జిన్‌లో నేను మొదట వెతికేది ఆ కాయనే. అది దొరక్కపోతే మిగతావి ఎంత ఘుమఘుమలాడినా నాకు తృప్తి ఉండదు.

మొదట సీసా చదవండి

సీసా మీద కనిపించే 'చిన్న బ్యాచ్' అనే మాటకు చట్టంలో కొలత లేదు. బ్యాచ్ నంబరు, వేసిన దినుసుల పేర్లు, ఆల్కహాల్ శాతం చూడండి. యూరప్ నిబంధనల ప్రకారం జిన్‌లో కనీసం 37.5 శాతం ఆల్కహాల్ ఉండాలి. 'లండన్ జిన్' అని ఉంటే లండన్‌లో కాచారని కాదు, అది తయారీ పద్ధతి పేరు. అందులో లీటరుకు 0.1 గ్రాముకు మించి తీపి కలపకూడదు.

గ్లాసు, వేడి

ఐస్ వద్దు, ఫ్రిజ్‌లో పెట్టిన సీసా వద్దు. చల్లదనం వాసనను అణిచేస్తుంది. అలాగని మన మే నెల గది కూడా పనికిరాదు. ఆ వేడికి ఆల్కహాల్ ఘాటు ముందు లేచి ముక్కును మొద్దుబారుస్తుంది. ఏసీ గది అయితే సరిపోతుంది. పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉన్న గ్లాసులో 20 మిల్లీలీటర్లు పోయండి. ఆ రోజు అగరుబత్తి, సెంటు, వంటింటి పోపు దగ్గరలో లేకుండా చూసుకోండి.

వాసన చూడటం

సగం పని ఇక్కడే ఉంది, తొందరపడకండి. గ్లాసును గట్టిగా తిప్పకండి. నోరు కాస్త తెరిచి, గ్లాసు అంచు దగ్గర చిన్నచిన్నగా పీల్చండి. మధ్యలో ముక్కు అలిసిపోతే మీ చొక్కా చేతిని వాసన చూడండి, మళ్లీ తేరుకుంటుంది.

తర్వాత అంతే కొలత మంచినీళ్లు కలపండి. నీళ్లు పడ్డాక ఘాటు తగ్గి, అడుగున దాగిన వాసనలు పైకి వస్తాయి. కొంచెం తెల్లగా మబ్బు కమ్మితే కంగారు పడొద్దు. దినుసుల నూనెలు నీళ్లలో కరగక అలా కనిపిస్తాయి. సోంపు వాసనుండే మాసిడోనియా మద్యం మస్తికా కూడా నీళ్లు పోస్తే ఇలాగే తెల్లబడుతుంది.

ఇప్పుడు పేర్లు పెట్టాలి. పరాయి పుస్తకాల్లోని పూల పేర్లు అరువు తెచ్చుకోవద్దు, మన ముక్కుకు తెలిసిన వాసనలు చాలానే ఉన్నాయి. జూనిపర్ అంటే పైన్ చెట్టు జిగురు, కాస్త కర్పూరం, కొత్త చెక్క. జిన్‌లో దాదాపు తప్పకుండా ఉండే రెండో దినుసు ధనియాలు. వేయించినవి కాదు, పచ్చివి వేళ్లతో నలిపినప్పుడు వచ్చే నిమ్మలాంటి వాసన గుర్తు తెచ్చుకోండి. ఓ నాలుగు గింజలు పక్కన పెట్టుకుని పోల్చడం ఇంకా మేలు. నారింజ, నిమ్మ తొక్కలు సులువుగానే పట్టుబడతాయి. జిన్‌లో వేసే మరో దినుసు ఏంజెలికా వేరు నాకు ఎండిన మట్టిని, తడవని వట్టివేరును గుర్తు చేస్తుంది. సీసా మీద, అక్కడి షార్ కొండల్లో టీలా కాచుకునే మొక్క పేరు ఉంటే మరువం, దవనం వైపు ఆలోచించండి. అచ్చం అదే కాకపోయినా, ఆ ఆకు పరిమళానికి దారి దొరుకుతుంది.

నోట్లో

అర చెంచా చాలు. నాలుకంతా తాకేలా పది సెకన్లు ఉంచి, మింగండి లేదా ఉమ్మేయండి. నిపుణులు చాలావరకు ఉమ్మేస్తారు. తర్వాత నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. అసలు రుచి అప్పుడు తెలుస్తుంది. వేడి ఎక్కడ తగిలిందో గమనించండి. గొంతులో మంటగా ఉంటే ఆల్కహాల్, నాలుక కొసన చురుక్కుమంటే మిరియం లాంటి దినుసు కావచ్చు. లండన్ జిన్‌లో తీపి తగిలితే అది అతిమధురం వల్ల కావచ్చు.

వెంటనే రాసుకోండి, ఇలా: 'ముందు పచ్చి జిగురు, తర్వాత నలిపిన ధనియాలు, చివర వట్టివేరు. మిరియం వేడి చాలాసేపు ఉంది.' 'స్మూత్‌గా ఉంది' అని మాత్రం రాయకండి, రేపు చదివితే దానివల్ల ఏమీ గుర్తుకు రాదు.

పోల్చడం, టానిక్

మీకు అలవాటైన మరో జిన్‌ను పక్కన పోసి, ఏది ఏదో తెలియకుండా ఇంట్లో ఎవరినైనా గ్లాసులు మార్చమనండి. లేబుల్ చూస్తే నాలుక దానికి లొంగిపోతుంది. ఆఖరున టానిక్ వాటర్, అంటే క్వినైన్ కలిపిన చేదు సోడా, ముందు జిన్‌కు సమానంగా, తర్వాత రెండింతలు. క్వినైన్ చేదు కింద కూడా జూనిపర్ నిలబడితే, మంచి కాయ వేశారనే నేను అనుకుంటాను.

ఆ గ్లాసును అప్పుడే కడగకండి. పొద్దున్నే, కాఫీ తాగకముందు, ఆరిపోయిన గ్లాసును వాసన చూడండి. తొక్కల వాసన ఎగిరిపోయి, వేళ్లదీ జిగురుదీ మాత్రమే మిగిలి ఉంటుంది. దాన్నీ నిన్నటి కాగితం మీదే రాయండి.