నెట్ వస్తూ పోతూ ఉందా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేముందు, చేశాక

నెట్ పూర్తిగా పోతే పెద్ద చిక్కు లేదు. ఫోన్ చేస్తాం, ఎవరో వస్తారు, ఏదో అతికించి వెళ్తారు. వచ్చిపోయే నెట్‌తోనే అసలు టెన్షన్. టెక్నీషియన్ గుమ్మంలో అడుగుపెట్టేసరికి అది బుద్ధిగా పనిచేస్తుంది. "బాగానే వస్తోంది కదా సార్" అని అతను, "ఇందాకటి దాకా రాలేదు బాబూ" అని మనం. ఈ తగువులో మన మాట నెగ్గాలంటే అతను రాకముందే ఒక్క సంగతి తేల్చుకోవాలి: తప్పు ఇంట్లో ఉందా, వీధిలో ఉందా?

1. ముందు లైట్లు చూడండి

ఇప్పుడు మన ఊళ్లలో కొత్త కనెక్షన్లు చాలావరకు ఫైబర్‌వే, అంటే సన్నటి గాజు పోగులో వెలుతురుగా నెట్ వస్తుంది. గోడకు బిగించిన డబ్బాని మనం మోడెమ్ అనో రౌటర్ అనో అంటాం, కంపెనీవాళ్లు ఓఎన్‌టీ అంటారు. నెట్ పోయిన క్షణంలో దాన్ని ఆపేయకండి. ముందు లైట్లకి ఫోన్‌తో ఒక ఫోటో తీయండి.

ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు వెలుగుతుంటే వీధి నుంచి వెలుతురు మీ డబ్బాకి చేరడం లేదని అర్థం. ఫైబర్ ఎక్కడో తెగింది, లేదా మడతపడింది. వందసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా ఏమీ ఒరగదు. పాన్ (పీఓఎన్ అని రాసి ఉంటుంది) లైటు పచ్చగా నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రం రాకపోతే లైను బాగానే ఉన్నట్టు. రీఛార్జ్ అయిపోయి ఉండాలి, లేదా లాగిన్ దగ్గరో కంపెనీ సర్వర్ దగ్గరో తేడా ఉండాలి.

లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయి మళ్లీ ఒక్కొక్కటే వస్తున్నాయా? అయితే ఫైబర్‌ని అనకండి, అడాప్టర్‌ని అనుమానించండి. రెండు మూడేళ్లు రాత్రీపగలూ ప్లగ్‌లో ఉన్న అడాప్టర్ నీరసపడుతుంది, డబ్బా తనంతట తానే రీస్టార్ట్ అవుతుంటుంది. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద రాసిన వోల్టులు కచ్చితంగా సరిపోవాలి, చాలా డబ్బాలకి అది 12. ఆంపియర్లు అంతే ఉండాలి, లేదా ఎక్కువ ఉండాలి. పిన్ను సరిపోయింది కదా అని సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ తెచ్చి గుచ్చకండి.

2. వైఫైని పక్కనపెట్టి తీగతో చూడండి

"నెట్ రావట్లేదు" అని మనం అనే రోజుల్లో చాలాసార్లు నెట్ వస్తూనే ఉంటుంది, వైఫై రాదు. ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా డబ్బాకి కలిపి చూడండి. తీగతో బాగుండి వైఫైలో తడబడితే కంపెనీని తిట్టి లాభం లేదు.

టీవీ వెనకాల, చెప్పుల స్టాండులో, ఇనప బీరువా పక్కన ఇరికించిన డబ్బాని హాల్లో కాస్త ఎత్తు మీదికి మార్చండి. వైఫైకి రెండు బ్యాండ్లు ఉంటాయి, 2.4, 5 గిగాహెర్ట్జ్ అని. అపార్ట్‌మెంట్ అయితే 5 గిగాహెర్ట్జ్ వాడండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీదొకటి పడకుండా ఉండే ఛానళ్లు మూడే, 1, 6, 11. పక్క ఫ్లాట్, కింది ఫ్లాట్, ఎదురు ఫ్లాట్ అందరూ ఆ మూడింటి మీదే కూర్చుని ఉంటారు. కాకపోతే 5 గిగాహెర్ట్జ్ గోడల్ని అంత బాగా దాటదు, రెండు కాంక్రీటు గోడల అవతలి పడకగదిలో 2.4 తప్పదు.

స్పీడ్ గురించి ఒక మాట. 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని డౌన్‌లోడ్‌లో సెకనుకి 12 ఎంబీయే వస్తోందని గొడవపడేవాళ్లున్నారు. ప్లాన్ లెక్క బిట్లలో, డౌన్‌లోడ్ లెక్క బైట్లలో. 8తో భాగిస్తే వచ్చేది 12.5, అంటే అన్యాయమేమీ జరగలేదు. 200 ప్లాన్ తీసుకున్నా తీగ మీద 95 దగ్గరే ఆగిపోతోందంటే మాత్రం ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది పోగుల్లో నాలుగే పనిచేస్తుండాలి, లేదా డబ్బాకి ఉన్న పోర్టు 100దే అయ్యుండాలి.

3. రెండు పింగ్‌లు

పింగ్ అంటే ఒక అడ్రస్‌ని పలకరించి జవాబు వస్తోందా లేదా అని చూడటం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండు కిటికీలుగా తెరవండి. ఒకదానిలో పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి మీ డబ్బా అడ్రస్ ఇవ్వండి. అది డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, సాధారణంగా 192.168.1.1. రెండోదానిలో అలాగే 8.8.8.8 ఇవ్వండి, అది గూగుల్‌ది. రెండింటి చివరా ఖాళీ వదిలి ఒక హైఫన్, చిన్న టీ అక్షరం పెడితే ఆపేదాకా నడుస్తూనే ఉంటాయి.

నెట్ పోయినప్పుడు రెండు కిటికీల్లోనూ జవాబు ఆగిపోతే గొడవ ఇంట్లోదే: డబ్బా, తీగ లేదా వైఫై. మొదటిది చక్కగా నడుస్తూ రెండోది మాత్రమే "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అంటుంటే గొడవ డబ్బా అవతలిది. ఆ తెరని ఫోటో తీసి దాచుకోండి.

4. వారం రోజులు రాసిపెట్టండి

ఇది విసుగు పని. మా ఇంటి సమస్య తీరింది మాత్రం దీనితోనే. రోజూ నెట్ పోయేది, టెక్నీషియన్ మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ రీస్టార్ట్ చేసి "ఇక సమస్య రాదన్నా" అన్నాడు. చివరికి పాలవాడి లెక్క రాసే క్యాలెండర్ మీదే సమయాలు రాయడం మొదలుపెట్టాను. 6:10. 6:05. 6:15. వర్షం పడిన ఒక్కరోజు మాత్రం మధ్యాహ్నం 3 గంటలకి. ఆరింటికి ఎందుకు పోతోందా అని క్యాలెండర్ ముందు నిలబడి ఉంటే వెనక కిటికీ రెక్క చప్పుడైంది. దోమలొస్తాయని మా అమ్మ రోజూ దీపాలవేళకి ఆ కిటికీ మూసేస్తుంది. కనెక్షన్ ఇచ్చినవాళ్లు గోడకి రంధ్రం వేయడానికి బద్ధకించి తీగని ఆ కిటికీ సందులోంచే లాగారు. రెక్క మూస్తే ఫైబర్ మడత పడుతుంది. వానొచ్చిన రోజు జల్లు కొడుతోందని మధ్యాహ్నమే మూసింది, అంతే.

నాలుగోసారి వచ్చిన కుర్రాడికి ఆ కాగితం చూపించి, "తమ్ముడూ, నీ మీటర్ పెట్టి కిటికీ మూసి చూడు" అన్నాను. తెరిచి ఉంటే మైనస్ 21, మూస్తే మైనస్ 30. ఇంకేం మాట్లాడలేదు, కిందికెళ్లి డ్రిల్లు తెచ్చాడు.

డబ్బాకి వెలుతురు ఎంత చేరుతోందో చెప్పే అంకె అది, టెక్నీషియన్లు "డీబీ ఎంత వస్తోంది" అని అడుగుతారు. మైనస్ 25కి ఇటు, అంటే మైనస్ 21, 22 అలా ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. మైనస్ 27 దాటితే అంచున ఉన్నట్టే, కాస్త గాలి వీచినా పోతుంది. అంకె మూడు పడిందంటే వెలుతురు సగమైందని లెక్క. ఇంటికి ఎవరొచ్చినా ఆ అంకె అడిగి రాసుకోండి. కనెక్టర్ మీద కూడా ఓ కన్నేయండి. పచ్చ రంగుది పచ్చలోకే, నీలం రంగుది నీలంలోకే వెళ్లాలి, కలగలిపితే వెలుతురు పోతుంది. ఊడదీసిన ఫైబర్ కొసలోకి మాత్రం కంటితో చూడకండి. అందులో ఉండేది కంటికి కనిపించని లేజర్.

5. ఫోన్ చేసేటప్పుడు

నంబరు బిల్లు మీదినుంచో కంపెనీ యాప్‌లోనుంచో తీసుకోండి. గూగుల్‌లో వెతికి దొరికిన "కస్టమర్ కేర్" నంబర్లలో మోసగాళ్లవి ఉంటాయి. ఏదో యాప్ వేసుకోమనో, పది రూపాయలు కట్టమనో అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అవతలివాళ్లు ముందు రీస్టార్ట్ చేయమంటారు. ఒకసారి చేయండి, వాదించి లాభం లేదు. తర్వాత "నెట్ స్లోగా ఉంది" అని కాకుండా ఇలా చెప్పండి: "వారంలో తొమ్మిదిసార్లు పోయింది, పోయినప్పుడల్లా ఎల్‌ఓఎస్ ఎర్రగా వస్తోంది, ఫోటోలున్నాయి, లైను చూసే మనిషిని పంపండి." ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టకండి. లోకల్ కేబుల్ ఆపరేటర్‌కి వాట్సాప్‌లో చెప్పినా సరే, కంపెనీలో కూడా నంబరు పడాలి. అది లేకపోతే రేపు పైకి వెళ్లడానికి ఆధారం ఉండదు.

మనిషి రాకుండానే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తే ఆ రోజే మళ్లీ తెరిపించండి. ఫిర్యాదు మూసేందుకు ఓటీపీ అడిగే కంపెనీలున్నాయి. పనయ్యి, ఓ పూట చూశాకే అది చెప్పండి. నెట్ లేని రోజులకి బిల్లులో తగ్గించమని అప్పుడే రాతపూర్వకంగా అడగండి.

6. అప్పటికీ కదలకపోతే

అదే కంపెనీలో అప్పీలేట్ అథారిటీ, అంటే కస్టమర్ కేర్ మీద అప్పీలు వినే అధికారి ఉంటుంది. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నాటి నిబంధనల ప్రకారం ఈ రెండంచెల ఏర్పాటు. ఫిర్యాదు పరిష్కరించాల్సిన గడువు దాటాక 30 రోజుల్లోపు అప్పీలు చేయాలి, ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. మామూలు కస్టమర్ కేర్‌కి అలవాటైన చెవిటితనం ఇక్కడికి వచ్చేసరికి కాస్త తగ్గుతుంది. ట్రాయ్‌కే నేరుగా రాద్దామని చాలామంది అనుకుంటారు కానీ, ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకోదు.

అక్కడా కాకపోతే కేంద్ర టెలికం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగానికి 1063లో చెప్పొచ్చు, కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో రాయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం టెలికంని కూడా సేవల్లో చేర్చింది. ఇలాంటి కేసులు కమిషన్ వినొచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టూ చెప్పింది. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు.

కంపెనీ మార్చేద్దామనుకుంటే ముందు పక్కింటివాళ్లని అడగండి. కొత్త కంపెనీ తీగ కూడా అదే కరెంటు స్తంభం మీదుగా వస్తుంటే కోతులు లాగినా, లారీ తగిలినా రెండూ ఒకేసారి పోతాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి మనుషులు చనిపోయాక స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పుడు, ఏ కంపెనీ అనే తేడా లేకుండా చాలా ఇళ్లలో నెట్ పోయింది. కొత్తది పెట్టించినా మొదట నెల ప్లానే తీసుకోండి, ఏడాదికి కడితే తగ్గింపని ఊరించినా సరే. పాతది పదిరోజులు ఉంచి అప్పుడు తీయించండి. డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు దాని సీరియల్ నంబరుకి ఫోటో తీసి, చేతిలో రసీదు పడ్డాకే వదలండి.