పాత చిన్న కారు ఐడ్లింగ్‌లో వణుకుతుంటే కారణం కనుక్కోవడం ఎలా

తిరుపతిలో లీలామహల్ కూడలి దగ్గర సిగ్నల్ పడి న్యూట్రల్‌లో ఆగినప్పుడు గేరు రాడ్డు, స్టీరింగు, లోపలి అద్దం కలిసి వణుకుతూ, యాక్సిలరేటర్‌ను కాస్త తొక్కగానే ఆ వణుకు సర్దుకుంటే, ఇంజన్ ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడిచే తీరులో, ఏదో లోపం ఉన్నట్టే. అలాంటి కారును షెడ్డుకు తీసుకువెళితే కొందరు మెకానిక్కులు ఐడ్లింగ్ స్క్రూ తిప్పి రేసింగ్ పెంచి పంపేస్తారు. వణుకు తగ్గుతుంది కానీ లోపం ఉన్నచోటే ఉంటుంది, పెట్రోలు ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఇంకొందరు ప్లగ్గులతో మొదలుపెట్టి వైర్లు, కాయిల్, పంపు దాకా వరుసగా మార్పిస్తారు. ఈ రెండూ వద్దనుకునేవారు ఏ భాగమూ కొనకముందే ఒక్క విషయం తేల్చుకోవాలి: దెబ్బతిన్నది ఒక్క సిలిండరా, లేక అన్ని సిలిండర్లూ కలిసి తడబడుతున్నాయా? దీనికి సమాధానం దొరికితే వెతకవలసిన చోట్లు సగానికి సగం తగ్గిపోతాయి.

ముందుగా ఒక మాట. మారుతి 800, పాత ఆల్టో వంటి కార్లలో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. దానికి స్వభావరీత్యానే కొంత వణుకు ఉంటుంది. నాలుగు సిలిండర్ల కారు నడిపి వచ్చినవారికి అది జబ్బులా కనిపించవచ్చు. సహజమైన వణుకు ఒకే తాళంలో సాగుతుంది. లోపం ఉన్నప్పుడు తాళం తప్పుతుంది, పల్లకి మోసేవారిలో ఒకరు కాలు ఈడ్చినట్టు. తేడా తెలుసుకోవడానికి ఒక కాగితం ముక్కను సైలెన్సర్ గొట్టం చివర జానెడు దూరంలో పట్టుకోవాలి. ఇంజన్ బాగుంటే కాగితం బయటివైపుకు సమంగా అదురుతూ ఉంటుంది. ఒక సిలిండర్ మిస్ కొడుతుంటే (అందులో పెట్రోలు సరిగా మండకపోతుంటే) మధ్యమధ్య ఆగి, ఒక్కోసారి గొట్టం వైపుకే లాగినట్టు వంగి, మళ్లీ ఎగురుతుంది.

ఆ తర్వాత వణుకు ఎప్పుడు వస్తోందో గమనించాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రమే వచ్చి, వేడెక్కాక పోతే చల్లని ఇంజన్‌కు పెట్రోలు పాళ్లు పెంచే చోక్‌ను గాని, ఎంపీఎఫ్ఐ కారైతే (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేది) కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ను గాని అనుమానించాలి. ఏసీ వేసినప్పుడే ఇంజన్ కుంగిపోతుంటే, ఆ అదనపు భారానికి తగినట్టు ఐడ్లింగ్‌ను పెంచే ఏర్పాటు పనిచేయడం లేదన్నమాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాల్లో పడే వానల్లోనే ఇబ్బంది వస్తుంటే అది ఎక్కువగా ప్లగ్గులకు కరెంటు తెచ్చే హెచ్‌టీ వైర్లలోనో, ఆ కరెంటును వాటికి పంచే డిస్ట్రిబ్యూటర్ మూతలోనో చేరిన తేమ వల్ల వచ్చినదే అయి ఉంటుంది.

తిరుమల ఘాట్ రోడ్డు సంగతి వేరుగా చెప్పుకోవాలి. కొండ మీదికి, తిరుపతికి మధ్య దాదాపు 700 మీటర్ల ఎత్తు తేడా ఉంది. పైన గాలి కొంత పలచబడుతుంది, గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్ మాత్రం కింద సరిచేసిన కొలతలోనే పెట్రోలు ఇస్తుంది కాబట్టి మిశ్రమంలో పెట్రోలు పాళ్లు ఎక్కువవుతాయి. దీనికి తోడు, ఎండాకాలంలో రెండో గేరులో మలుపులన్నీ ఎక్కి పార్కింగ్ కోసం వరుసలో నిలబడినప్పుడు ఇంజన్ వేడికి కార్బొరేటర్‌లోని పెట్రోలు ఆవిరై ఐడ్లింగ్ తడబడుతుంది. అలిపిరి దగ్గర నిలకడగా ఉన్న కారు పైన మాత్రమే వణికితే, కంగారుపడి స్క్రూలు తిప్పకుండా అరగంట చల్లారనిచ్చి చూడడం మంచిది. కిందికి దిగాక కూడా వణికితే అప్పుడు లోపం వెతకాలి.

ఇక అసలు పరీక్ష. కారును ఆరుబయట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఉంచాలి. మూసి ఉన్న షెడ్డులో ఇంజన్ నడపడం ప్రాణాంతకం. ఇంజన్ ఆపి ఒక ప్లగ్గు మీది హెచ్‌టీ వైరును తీసి, దాని కొసకు ఒక పాత ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు లోహపు భాగం ఇంజన్‌కు గట్టిగా ఆనేటట్టు పెట్రోలు గొట్టాలకు దూరంగా బిగించి, అప్పుడు స్టార్ట్ చేయాలి. నడుస్తున్న ఇంజన్ మీద వట్టి చేత్తో వైరు లాగితే షాకు కొట్టడమే కాక కాయిల్ కూడా పోవచ్చు. ఎంపీఎఫ్ఐ కారులో చేయి అందితే ఇంజెక్టర్ ప్లగ్ తీయడం మరింత సురక్షితం. అందకపోతే వైరు పద్ధతిలోనే చేయవచ్చు గాని, కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కనుక కొద్ది క్షణాలకు మించి నడపకూడదు. ఒక్కొక్క సిలిండర్‌నూ ఇలా ఆపి చూసినప్పుడు, బాగా పనిచేసే సిలిండర్‌ను ఆపితే వణుకు ఇంకా పెరుగుతుంది. ఏ సిలిండర్‌ను ఆపినప్పుడు తేడా కనిపించదో ఆ సిలిండరే పనిచేయడం లేదు. అన్నీ ఒకేలా స్పందిస్తే లోపం అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న గాలి, పెట్రోలు మార్గాల్లో ఉన్నట్టు.

ఒక్క సిలిండరే దొరికితే పని సులువు. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఆ ప్లగ్గు విప్పాలి; హెడ్ అల్యూమినియంది కాబట్టి వేడిలో విప్పితే మరలు దెబ్బతింటాయి. ప్లగ్గు ముక్కు లేత ఇటుక రంగులోనో బూడిద రంగులోనో ఉంటే బాగున్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, తడిసి పెట్రోలు వాసన వస్తుంటే నిప్పు రవ్వ పడడం లేదు, జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి చేరుతోంది. రవ్వ ఎగిరే ఖాళీ కార్బొరేటర్ మారుతిలో 0.7 నుంచి 0.8 మి.మీ., ఎంపీఎఫ్ఐలో సాధారణంగా 1.0 నుంచి 1.1 మి.మీ. ఉంటుంది, మీ కారు మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే దానినే పాటించండి. కొత్త ప్లగ్గు కొనకముందే అనుమానమున్న ప్లగ్గును పక్క సిలిండర్‌కు మార్చి చూడాలి. ప్లగ్గుతో పాటు మిస్సింగ్ కూడా అక్కడికి వెళితే దోషం ప్లగ్గుదే. వెళ్లకపోతే, పొడవు సరిపోయినంత వరకు హెచ్‌టీ వైర్లను కూడా అలాగే మార్చి చూడవచ్చు. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా వైర్ల మీద సన్నగా నీళ్లు చిలకరిస్తే, పగిలిన చోట నీలిరంగు రవ్వలు చిటపటమంటూ లోహం మీదికి దూకడం కళ్లారా కనిపిస్తుంది. చాలాకాలం కదలని కారైతే ఎలుకలు కొరికిన వైర్లు ఉన్నాయేమో ముందు చూసుకోవాలి. ఇంట్లో పెట్టుకున్న కార్లకు ఇది మామూలే.

అన్ని సిలిండర్లూ తడబడుతుంటే, నా లెక్కలో మొదటి ముద్దాయి వ్యాక్యూమ్ లీకు. ఐడ్లింగ్‌లో గాలి దారిని మూసే థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉండడం వల్ల సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లో పీల్పు అత్యధికంగా ఉంటుంది. ఎండకు ఎండి పగిలిన చిన్న రబ్బరు గొట్టం గుండా చొరబడే కొద్దిపాటి గాలి కూడా మిశ్రమాన్ని చెడగొడుతుంది. రేసింగ్ పెంచితే లోపలికి వెళ్లే మొత్తం గాలి ముందు ఆ లీకు లెక్కలోకి రాదు కాబట్టి వణుకు మాయమవుతుంది. గొట్టాల కొసలను వేలితో వంచి చూస్తే సన్నని పగుళ్లు తెరుచుకుంటాయి. తర్వాత ఇంజన్ నడుస్తుండగా మానిఫోల్డ్ అతుకుల మీద, గొట్టాల మీద, కరెంటు వైర్లకు తగలకుండా సన్నగా నీళ్లు చిమ్మాలి. నీరు లీకును క్షణంసేపు మూసేసినప్పుడు ఇంజన్ శబ్దం మారుతుంది. కొందరు ఇదే పనికి పెట్రోలు చిమ్ముతారు. వేడి ఇంజన్ మీద అది మంటలు కొనితెచ్చుకోవడమే. బ్రేక్ బూస్టర్ ఉన్న కారులో ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, తొక్కిపట్టే స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌నూ దాని గొట్టాన్నీ చూపించాలి.

గొట్టాలు బాగుంటే ఎంపీఎఫ్ఐ కారులో థ్రాటిల్ బాడీ విప్పి చూడాలి. రేణిగుంట రోడ్డు దుమ్ములో తిరిగి, ఎయిర్ ఫిల్టర్ సకాలంలో మార్చని కారులో థ్రాటిల్ రేకు అంచున నల్లని జిడ్డు పేరుకుని, గాలి వెళ్లే సన్నని సందు పూడుకుపోతుంది. థ్రాటిల్ క్లీనర్‌ను మెత్తని గుడ్డ మీద కొట్టి తుడవాలి. ఐడ్లింగ్ గాలిని నియంత్రించే ఐఏసీ వాల్వ్ దారిని కూడా శుభ్రం చేయాలి, దాని పిన్నును మాత్రం చేత్తో లాగకూడదు.

కార్బొరేటర్ కారులో ఐడ్లింగ్‌కు పెట్రోలు ఇచ్చే సన్నని రంధ్రం, ఐడిల్ జెట్, పూడడం సాధారణం. జెట్ విప్పి గాలి కొట్టి బిగించాలి, అందులో తీగ గుచ్చితే రంధ్రం పెద్దదైపోతుంది. గాలి, పెట్రోలు పాళ్లను సరిచేసే మిక్స్చర్ స్క్రూను ప్లగ్గులు, గొట్టాలు సరిచేసి, ఇంజన్ వేడెక్కిన తర్వాతే ముట్టుకోవాలి. ముందున్న స్థానం గుర్తు పెట్టుకుని, పావు మర చొప్పున తిప్పుతూ ఇంజన్ అత్యంత నిలకడగా నడిచే చోట ఆపి, ఆ తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో వేగాన్ని 850, 950 ఆర్‌పీఎం మధ్యకు తేవాలి.

పెట్రోలు మీద అనుమానం ఉంటే పెట్రోలు ఫిల్టర్ మార్చి చూడడం చవక. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని తయారుచేసినవి కావు ఈ పాత కార్లు. వాటి రబ్బరు గొట్టాలు ఉబ్బడం, పెళుసెక్కడం జరగవచ్చు. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలిపి ఉంచే కారులో ట్యాంకు నిండా పాత పెట్రోలు ఉంచకపోవడం మేలు.

ఇవన్నీ సరిగా ఉండి కూడా వణుకు పోకపోతే అప్పుడే షెడ్డు మెట్లెక్కాలి. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు నలిగిపోతే ఇంజన్ బాగానే నడుస్తున్నా వణుకంతా బాడీలోకి వస్తుంది, కాగితం పరీక్షలో మాత్రం ఏ తేడా ఉండదు. మౌంటింగులూ బాగుంటే వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండవలసిన సందు), ఆపై కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడమని అడగాలి. కంప్రెషన్ అంకెలను కాగితం మీద రాయించుకోవాలి. సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు 1 కిలో దాటితే అది చిన్న విషయం కాదు. తక్కువ చూపిన సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు అంకె బాగా పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులో లేదా హెడ్ గ్యాస్కెట్‌లో లోపం ఉన్నట్టు. రింగుల పని అయితే ఇంజన్ మొత్తం దించాలి. వాల్వు లేదా గ్యాస్కెట్ అయితే హెడ్ ఒక్కటి విప్పితే సరిపోతుంది, ఖర్చులో తేడా చాలా ఉంటుంది కాబట్టి ఆయిల్ పోసి చేసే ఆ రెండో కొలత చేయనిదే పనికి ఒప్పుకోకూడదు.